దోహా జీతమా, జర్మనీ జీతమా? పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. మిర్చి మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. మా పెద్దబ్బాయి ఐ.టి.ఐ. చదివి, ఆరేళ్లుగా కతర్ రాజధాని దోహాలో ఏసీ డక్టులు బిగించే పనిలో ఉన్నాడు. మా అమ్మాయి బి.ఎస్సీ. నర్సింగ్ పూర్తిచేసి, నాందేడ్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రెండేళ్లుగా ఉద్యోగం చేస్తోంది. ఆమెకు జర్మనీ వెళ్లాలని ఉంది. అన్న మాత్రం దోహాకే రమ్మంటున్నాడు. అక్కడ జీతం మీద పన్ను లేదని, మన తిండి, మన మనుషులు దొరుకుతారని, నాలుగు గంటల్లో హైదరాబాద్‌లో దిగవచ్చని అతని వాదన. జర్మనీలో జీతంలో మూడోవంతు కోతలకే పోతుందని నేనూ విన్నాను. ఈ రెండు దేశాల్లో ఎక్కడ బతుకు మెరుగో మొహమాటం లేకుండా చెప్పగలరా?
– ఒక తండ్రి, ధర్మాబాద్

సమాధానం: మీరు ‘ఎక్కడ మెరుగు’ అని అడిగారు. దాని పక్కన ‘ఎవరికి’ అన్న మాట చేరిస్తే తప్ప ఈ ప్రశ్నకు సమాధానం లేదు. మీ తాలూకా అనుభవమే చూడండి. 2018లో తెలంగాణ ప్రభుత్వం సాగుకు ఇరవైనాలుగు గంటల ఉచిత విద్యుత్తు, రైతుబంధు పేరుతో పంటకు ఎకరానికి 4,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టాక, మహారాష్ట్ర సరిహద్దులోని ధర్మాబాద్ చుట్టుపక్కల గ్రామాలవారు తమనూ ఆ రాష్ట్రంలో కలపమని కోరారు. పాసుపుస్తకం చేతిలో ఉన్న రైతు అలా కోరడంలో తప్పేమీ లేదు. కానీ ఆ డబ్బు భూమి యజమానికే గాని కౌలుకు దున్నేవాడికి ఇవ్వలేదు కనుక, అదే ఊరి కౌలురైతుకు హద్దు మారినా ఆ నాలుగు వేలు చేతికి వచ్చేవి కావు. దేశాలను పోల్చేటప్పుడు కూడా మనం తరచుగా పట్టాదారు బతుకును చూసి కౌలుదారుకు సలహా ఇస్తుంటాం.

కతర్‌లో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దాదాపు ముప్పై లక్షల జనాభాలో ఆ దేశ పౌరులు పదిమందిలో ఒకరు మాత్రమే. మిగిలినవారంతా పని కోసం వచ్చినవారు, వారిలో ఏడు లక్షలకు పైగా మనవాళ్లు. 1971లో అక్కడి సముద్రగర్భంలో బయటపడిన సహజవాయు క్షేత్రం, ఇరాన్ వైపు భాగంతో కలిపి చూస్తే, ప్రపంచంలోకెల్లా పెద్దది. దాని రాబడి పౌరుల వైద్యానికి, చదువుకు, కొలువులకు, ఇళ్లకు అండగా ఉంటుంది. మీ అబ్బాయికి అందేది ఆ రాబడిలో వాటా కాదు, ఆ రాబడితో లేస్తున్న భవనాల్లో పని. ఆ పని షరతులు ఇదివరకటి కంటే మెరుగయ్యాయని ఒప్పుకోవాలి. కంపెనీ మారాలంటే పాత యజమాని అభ్యంతరం లేదన్న కాగితం (ఎన్‌ఓసీ) ఇవ్వాలన్న నిబంధనను 2020లో తీసేశారు. 2021 మార్చి నుంచి కనీస వేతనం నెలకు 1,000 రియాళ్లు. కంపెనీ వసతి ఇవ్వకపోతే 500, భోజనం పెట్టకపోతే 300 రియాళ్లు అదనంగా ఇవ్వాలి. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం 3:30 దాకా ఆరుబయట పని చేయించకూడదు. ఇవన్నీ ఉన్నా, నివాసానుమతి ఉద్యోగానికే ముడిపడి ఉంటుంది కాబట్టి, హక్కు అడిగే ముందు మనిషి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. చట్టం ప్రకారం పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవాలంటేనే పాతికేళ్లు అక్కడ నివసించి ఉండాలి. అంటే మీ అబ్బాయి అక్కడ ఎంతకాలం పనిచేసినా, చివరికి ధర్మాబాద్ తిరిగివస్తాడన్న లెక్క మీదనే ఆ ఏర్పాటంతా నడుస్తోంది.

జర్మనీలో బయటివారికి అడ్డుగోడ లేదని అనను. ఆ గోడ పేరు జర్మన్ భాష. అయితే ఆ గోడకు తలుపు ఉంది. అర్హత గుర్తింపు పొందిన నర్సు వంటి నిపుణులు మూడేళ్లు పింఛను చందా కడుతూ ఉద్యోగం చేసి, భాష వంటి మిగతా షరతులు తీరిస్తే, శాశ్వత నివాసానుమతి అడగవచ్చు. 2024 జూన్‌లో అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం అయిదేళ్లకు పౌరసత్వానికి దరఖాస్తు చేయవచ్చు. జర్మనీ రెండు పౌరసత్వాలను ఒప్పుకుంటుంది గాని భారత్ ఒప్పుకోదు కనుక, ఆ రోజు వచ్చినప్పుడు మీ అమ్మాయి భారత పాస్‌పోర్టు వదులుకోవలసి ఉంటుందన్నది ఇప్పుడే ఇంట్లో అనుకోవడం మంచిది.

ఇక మిమ్మల్ని భయపెట్టిన కోతల సంగతి. మీరు విన్నది దాదాపు నిజమే. నెలకు 3,000 యూరోల జీతం ఉన్న ఒంటరి ఉద్యోగికి పన్ను, చందాలు పోగా చేతికి వచ్చేది రెండు వేల పైచిలుకు మాత్రమే. ఆ పోయిన డబ్బులో ఆదాయపు పన్ను కొంతే. ఎక్కువ భాగం ఆరోగ్య బీమా, పింఛను, నిరుద్యోగ బీమా, వృద్ధాప్య సంరక్షణ బీమా చందాలు. ఒక్క పింఛనుకే జీతంలో 18.6 శాతం జమవుతుంది, అందులో సగం ఉద్యోగి, సగం యజమాని కడతారు. ఆరోగ్య బీమా అక్కడ నిన్న మొన్న వచ్చింది కాదు, 1883లో బిస్మార్క్ కాలంలో చట్టమైంది. ఇంతకూ ఈ కోతలు కొనిపెట్టేదేమిటో జబ్బుపడిన రోజున తెలుస్తుంది. జర్మనీలో ఉద్యోగి మంచాన పడితే ఆరు వారాలు యజమాని పూర్తి జీతం ఇవ్వాలి. ఆ తరువాత అదే జబ్బుకు, మొదటి ఆరు వారాలతో కలిపి, మూడేళ్ల వ్యవధిలో 78 వారాల వరకు బీమా సంస్థ జీతంలో సుమారు 70 శాతం ఇస్తుంది. కతర్ కార్మిక చట్టంలో మూడు నెలల సర్వీసు నిండినవారికి మొదటి రెండు వారాలు పూర్తి జీతం, తరువాతి నాలుగు వారాలు సగం జీతం. ఆపైన జీతం లేని సెలవే. కతర్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల వైద్యం చవకే, నాణ్యమైనదే. కానీ నెలల తరబడి మంచాన పడ్డ కార్మికుడు కోలుకునేది దోహాలో కాదు, సొంత ఊళ్లో, సొంత డబ్బుతో. మీ అబ్బాయి జీతంలో కనిపించని కోత అదే. అది ఇంకా పడలేదు, ఎప్పటికీ పడకూడదనే కోరుకుందాం. పడితే మాత్రం మీ అడ్తి లెక్కల పుస్తకంలోనే పడుతుంది.

అయినంత మాత్రాన మీ అబ్బాయి తప్పు చేశాడని అనుకోవద్దు. అతని విషయంలో మరో లెక్క ఉంది. పడక, భోజనం కంపెనీవే అయినప్పుడు అతను సంపాదించేది దోహాలో, ఖర్చు పెట్టేది ధర్మాబాద్‌లో. కాబట్టి అతనికి కావలసినది రియాల్ మారకపు విలువ మాత్రమే. దోహాలో టమాటా ధర ఎంతైతేనేం? రియాల్‌ను చాలాకాలంగా డాలరుకు 3.64 చొప్పున కట్టిపడేశారు కనుక, డాలరు ముందు రూపాయి పడిపోయిన ప్రతిసారీ అతను పంపే డబ్బు ఇక్కడ కాస్త పెరుగుతుంది. జర్మనీలో ఉండే నర్సుకు ఈ లెక్క చెల్లదు. ఆమె అద్దె, కరెంటు, కూరగాయలు అన్నీ అక్కడి ధరలకే కొనాలి కాబట్టి, యూరోను రూపాయల్లోకి మార్చి చూసుకొని మురిసిపోవడం వట్టి భ్రమ. మ్యూనిక్ వంటి నగరంలో అద్దె జీతంలో ఎంత మింగుతుందో ముందే తెలుసుకోవాలి. చిన్న ఊళ్లలో ఆసుపత్రులకూ నర్సులు కావాలి, అక్కడ అద్దె బాధ తక్కువ.

మీ అమ్మాయికి దోహాలో కూడా నర్సు ఉద్యోగమే దొరుకుతుంది గాని డక్టు పని కాదు కనుక, అన్న అనుభవాన్ని ఆమెకు నేరుగా అంటగట్టకూడదు. ధ్రువపత్రాల పరిశీలన, ప్రోమెట్రిక్ అనే లైసెన్సు పరీక్ష పూర్తయితే ఇంగ్లీషుతోనే అక్కడ పని నడుస్తుంది. వీధుల్లో ఆడపిల్లకు భయం తక్కువ. మొదటి నెల నుంచే ఇంటికి డబ్బు పంపవచ్చు. జర్మనీకైతే ముందు ఏడాదికి పైగా భాష మీద కూర్చోవాలి. సాధారణంగా జర్మన్ భాషలో బి1 అనే మధ్య స్థాయితో బయలుదేరి, అక్కడ దాని పైదైన బి2 స్థాయికి చేరి, అర్హత గుర్తింపు వచ్చేదాకా సహాయకురాలి జీతంతో పనిచేయాలి. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. ఆదివారం దుకాణాలు మూతపడతాయి. పక్కింటివాళ్లు పలకరించకపోవడాన్ని మర్యాదగా భావించే ఊళ్లు ఉంటాయి. ఒంటరితనం తట్టుకోలేక తిరిగివచ్చేవారు లేకపోలేదు. అయితే ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ మాట్లాడుతూ పెరిగిన పిల్లకు నాలుగో భాష కొండంత బరువు కాదని నా నమ్మకం. ఈ విషయంలో మన సరిహద్దు పిల్లలకు ఉన్న సదుపాయం హైదరాబాద్ పిల్లలకు కూడా లేదు.

మొహమాటం లేకుండా చెప్పమన్నారు కనుక చెబుతున్నాను. అయిదేళ్లలో ఇంటి అప్పు తీర్చడమే లక్ష్యమైతే దోహా మేలు. మీ అమ్మాయి వయసు పాతికలోపే అయి, పెళ్లి, పిల్లలు, వాళ్ల చదువు, తన ముసలితనం కూడా కలిపి లెక్క చూసుకోగలిగితే జర్మనీ మేలు, అందులో నాకు సందేహం లేదు. అక్కడ కట్టిన పింఛను చందా మధ్యలో తిరిగివచ్చినా వృథా పోదు. భారత్, జర్మనీల మధ్య సామాజిక భద్రతా ఒప్పందం 2017 మే నుంచి అమలులో ఉంది. పంపుతామని లక్షలు అడిగే ఏజెంట్ల జోలికి మాత్రం పోకండి. జర్మనీ ప్రభుత్వ సంస్థలు ట్రిపుల్ విన్ పేరుతో నడిపే నర్సుల పథకంలో ఖర్చు యజమానిదే; కేరళ ప్రభుత్వ సంస్థ నోర్కా రూట్స్ 2021లోనే అందులో చేరింది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా జర్మనీ నర్సు ఉద్యోగాలకు శిక్షణ ఇస్తుంది గాని, ధర్మాబాద్ చిరునామాతో అర్హత ఉంటుందో లేదో ముందే అడిగి తెలుసుకోండి. హద్దు మళ్లీ ఇక్కడ అడ్డు రావచ్చు. మహారాష్ట్ర ప్రభుత్వం కూడా 2024లో జర్మనీలోని బాడెన్-వ్యూర్టెంబర్గ్ రాష్ట్రంతో నిపుణ కార్మికుల ఒప్పందం చేసుకుంది, దాని సంగతి నాందేడ్‌లో విచారించండి.

ప్రశ్న: నేను గడ్చిరోలి జిల్లా సిరొంచలో డిగ్రీ చదువుతున్నాను. ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి జాబితాలో కతర్ కూడా అత్యున్నత వర్గంలోనే ఉందని, సగటు ఆయుర్దాయం అక్కడ ఎనభై దాటిందని చదివాను. మరి అక్కడ పనిచేసి తిరిగివచ్చిన మా ఊరివాళ్ల మాటలు వింటే అలా అనిపించదు. లెక్కలు తప్పా, మా వాళ్లు చెప్పేది తప్పా?
– ఒక విద్యార్థి, సిరొంచ

సమాధానం: రెండూ తప్పు కావు. ఆ సూచికను పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ చొరవతో, అమర్త్య సేన్ సహకారంతో రూపొందించి 1990లో తొలిసారి ప్రచురించారు. దేశం గొప్పతనాన్ని డబ్బుతో మాత్రమే కొలవకూడదని వాళ్ల పట్టుదల. అందుకే ఆయుర్దాయం, చదువు, తలసరి ఆదాయం మూడింటినీ కలిపారు. 2025 నివేదికలో 193 దేశాల్లో జర్మనీ 5వ స్థానంలో, భారత్ 130వ స్థానంలో ఉన్నాయి.

సగటు అన్నది ఎవరిని కలిపి తీశారన్న దాని మీద ఆధారపడుతుంది. కతర్ జనాభాలో నాలుగింట మూడువంతుల వరకు మగవారే, అందులోనూ పనిచేసే వయసువారే ఎక్కువ. వారిలో మన దేశం నుంచి పనికి వెళ్లినవారు వీసాకు ముందు ఇక్కడే వైద్య పరీక్ష చేయించుకుని, జబ్బేదీ లేదని తేలాకనే వెళ్లారు. జబ్బుపడినవారు, ముసలివారైనవారు వెనక్కి వచ్చేస్తారు. ప్రాణహిత నది ఒడ్డున కూర్చొని అవతలి దేశంలో చావులు తక్కువని అనుకుంటే, ఆ తక్కువలో కొంత భాగం మన శ్మశానాల లెక్కలో కలిసి ఉందని గుర్తుంచుకోవాలి. తలసరి ఆదాయం సంగతీ అంతే. గ్యాస్ రాబడినీ కూలీల వేతనాలనూ ఒకే కుప్పగా పోసి తలలతో భాగిస్తే వచ్చే అంకె పౌరుడిదీ కాదు, కూలీదీ కాదు. హక్ కూడా ఇలాంటి సగటులకు పరిమితి ఉందని తెలిసే, ప్రజలు, పత్రికలు పట్టించుకునేలా ఒకే ఒక్క అంకె ఉండాలని కోరాడు. ఆదాయ వ్యత్యాసాలను లెక్కలోకి తెచ్చే సూచికలు తరువాత వచ్చాయి. మీరు అర్థశాస్త్రం విద్యార్థి అయితే, మన దేశంలో నీతి ఆయోగ్ ప్రచురించే బహుముఖ పేదరిక సూచికలో గడ్చిరోలికీ, నది అవతల భూపాలపల్లికీ ఏమి రాశారో తీసి చూడండి. అందులో ఆరోగ్యం, చదువు, జీవన ప్రమాణం కింద పన్నెండు అంశాలు ఉంటాయి. మీ ఊళ్లో తిరిగి ఆ అంశాలను సరిచూడగలరు, దోహాను మాత్రం అలా సరిచూడలేరు.

ప్రశ్న: మాది బిలోలి. పెళ్లయి తొమ్మిదేళ్లు. మా ఆయన ఎనిమిదేళ్లుగా కతర్‌లో ఒకే కంపెనీలో డ్రైవరు. రెండేళ్లకోసారి నలభై రోజులు వస్తారు. డబ్బుకు లోటు లేదు, ఇల్లు కట్టుకున్నాం. పిల్లలిద్దరూ మరాఠీ బడిలో చదువుతున్నారు. వాళ్లకు తెలుగు చదవడం రాదు, వాళ్ల పాఠాలు చెప్పేంత మరాఠీ నాకు రాదు. మీరు దేశాల బతుకులు పోలుస్తుంటారు కదా, మా బతుకు ఏ దేశం లెక్కలోకి వస్తుంది? మేమంతా అక్కడికే వెళ్లిపోవడం మంచిదా?
– ఒక గృహిణి, బిలోలి

సమాధానం: అమ్మా, మీ లెక్క ప్రకారం ఎనిమిదేళ్లలో ఆయన ఇంట్లో ఉన్నది నూటఅరవై రోజులు. ఏ దేశపు సూచికలోనూ ఈ అంకెకు గడి లేదు. మీ ఇల్లు, మీ పిల్లల బడి భారతదేశం లెక్కలోకి వస్తాయి. ఆయన పని కతర్ లెక్కలోకి వస్తుంది. ఆయన పంపిన డబ్బు 2024-25లో విదేశాల నుంచి మన దేశానికి వచ్చిన సుమారు 13,500 కోట్ల డాలర్లలో ఎక్కడో ఒక చుక్కగా రిజర్వు బ్యాంకు లెక్కలో చేరుతుంది. మీరు పడుతున్న కష్టం మాత్రం ఎవరి పద్దులోనూ లేదు. మన వైపు గల్ఫ్ మొత్తానికీ దుబాయి అని ఒకే పేరు పెట్టి, ‘దుబాయి పోయిండు’ అన్న ఒక్క మాటతో ఇలాంటి కుటుంబం మొత్తాన్ని చుట్టేయడం కూడా నాకు ఎప్పుడూ సరిగా తోచలేదు.

కుటుంబ వీసా కావాలంటే కతర్‌లో ఉద్యోగి జీతం ఒక స్థాయికి మించి ఉండాలి, వసతి చూపించాలి. మామూలు డ్రైవరు జీతానికి అది అందడం కష్టం. అందినా, ఇప్పుడు కంపెనీ భరిస్తున్న పడక పోయి ఇంటి అద్దె మీద పడుతుంది, సి.బి.ఎస్.ఇ. బడుల ఫీజులు తోడవుతాయి. నేను పైన ధర్మాబాద్ వారికి చెప్పిన మారకపు లాభమంతా అక్కడే కరిగిపోతుంది. అదే జర్మనీలో అర్హత గుర్తింపు పొందిన ఉద్యోగి అయితే భార్యకు పనిచేసే హక్కు, పిల్లలకు ఉచిత ప్రభుత్వ బడి, నెలనెలా పిల్లల భత్యం దొరికేవి. 2025లో ఆ భత్యం పిల్లకు 255 యూరోలు. కానీ ఆ దారి మీ ఆయనకు ఈ వయసులో, ఈ పనిలో అంత సులువుగా తెరుచుకునేది కాదు కనుక, దాన్ని చూపించి మీకు ఆశ పెట్టలేను.

కాబట్టి మీరు పోల్చుకోవలసినవి కతర్, భారత్ కావు; ఆయన ఇంకో నాలుగేళ్లు ఉండటం, ఇప్పుడే తిరిగిరావడం. ఒకవైపు నాలుగేళ్ల పొదుపు వేసుకోండి, రెండోవైపు పెద్దపిల్లవాడు ఏడో తరగతికి వచ్చేసరికి తండ్రి ఇంట్లో ఉండటానికి మీరు ఎంత ఇవ్వగలరో వేసుకోండి. రెండో అంకె మీరు తప్ప ఎవరూ వేయలేరు, నేనైతే అసలే వేయలేను. పిల్లల చదువు సంగతికి మాత్రం ఆయన రాక కోసం ఆగవద్దు. మరాఠీ పాఠం పిల్లలే మీకు గట్టిగా చదివి వినిపించేలా, మీరు తెలుగు అక్షరాలు వాళ్లకు దిద్దించేలా రోజుకు అరగంట పెట్టుకున్న ఇళ్లు మీ తాలూకాలోనే నేను చూశాను.

ఒక విషయం చాలామంది మరచిపోతారు. కతర్ కార్మిక చట్టం ప్రకారం ఏడాది నిండిన ప్రతి ఉద్యోగికీ, సర్వీసులో ఏడాదికి కనీసం మూడు వారాల మూలవేతనం చొప్పున ఉద్యోగం వదిలేటప్పుడు ఇవ్వాలి. ఒకే కంపెనీలో ఎనిమిదేళ్లంటే ఇరవైనాలుగు వారాలు, అంటే అయిదు నెలలు దాటిన మూలవేతనం. ఒప్పందం కాగితంలో మూలవేతనం ఎంత రాశారో, అందులో నుంచి ఏమైనా ముందే ఇచ్చేశారో, ఈసారి ఫోన్ చేసినప్పుడు ఆయనను అడిగి రాసిపెట్టుకోండి. తిరిగివచ్చే నెల గురించి మీరిద్దరూ మాట్లాడుకునేటప్పుడు ఆ కాగితం ఎదురుగా ఉండాలి.